ఆవుకు ఇచ్చినంత చోటు

ఒడిశా గంజాం జిల్లాలోని మా బరంపురం నుంచి గోపాలపురం సముద్రతీరం సుమారు 16 కిలోమీటర్లు. ఆ దారిలో, విశ్వవిద్యాలయం ఉన్న భంజవిహార్‌కు కాస్త ఇవతల, ఒక చిన్న కార్యాలయంలో లెక్కలు రాసే పని నాది. వానలు మరీ ముంచెత్తిన రోజులు తప్ప, 2012 నుంచి ఇంటి దగ్గరి నుంచి అక్కడికి సైకిలు మీదనే వెళ్లి వస్తున్నాను. ఈ దారిలో సైకిలు తొక్కేవాడికి ప్రకృతి చేసే ఉపకారం ఒకటి ఉంది. చలికాలం పొద్దున్నే నేల మీది నుంచి సముద్రం వైపు వీచే గాలి వెళ్లేటప్పుడు వీపును నెడుతుంది; ఎండ ఎక్కాక గాలి దిశ మారి, సాయంత్రం సముద్రం మీది నుంచి వచ్చే గాలి ఇంటిదారిలో అదే పని చేస్తుంది. గాలి ఇంత అనుకూలంగా ఉన్న రోజున కూడా నేను ఒక్క కిలోమీటరైనా నిశ్చింతగా తొక్కలేదు. కారణం వెనక నుంచి వచ్చే బండ్లు.

ఈ రోడ్డు మీద నేను ఒంటరిని కాను. రంగెయిలుండ వైపు ఊళ్ల నుంచి మొగలిపూలు కోసుకుని, వాడిపోకముందే అత్తరు బట్టీకి చేర్చాలని తెల్లవారకముందే బయలుదేరేవారు ఉంటారు. గంజాం మొగలిపూల అత్తరు దేశమంతా వెళుతుంది గాని, ఆ పూలు తోట నుంచి బట్టీకి చేరే మొదటి ప్రయాణం చాలాసార్లు సైకిలు క్యారియర్ మీదనే సాగుతుంది. గోపాలపురం తీరంలో ఉండే మన తెలుగు మత్స్యకారులను ఇక్కడి ఒడియావారు నోలియాలంటారు. వారిలో కొందరు సైకిలు వెనక బుట్ట కట్టుకుని వీధి వీధికీ చేపలు అమ్ముతారు. తరువాత హైస్కూలు పిల్లలు వస్తారు. ఒడిశాలో ప్రభుత్వ హైస్కూలు పిల్లలకు సైకిలు అందించే పథకం ఉండడం వల్ల, ముఖ్యంగా ఆడపిల్లలు, ముగ్గురు నలుగురు కలిసి మాటలు చెప్పుకుంటూ వెళ్లడం మా దారిలో రోజూ కనిపించే దృశ్యం. 2019–21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఒడిశాలో నూటికి 70కి పైగా ఇళ్లలో సైకిలు ఉంది. ఇన్ని ఇళ్లలో ఉన్న వాహనాన్ని రోడ్డు మీద మాత్రం పొరపాటున అడ్డం వచ్చిన వస్తువులాగా చూడడం నాకు ఎన్నటికీ మింగుడుపడని విషయం.

2017 డిసెంబరులో ఒక సాయంత్రం ఇంటికి వస్తుండగా వెనక నుంచి ఒక ప్రైవేటు బస్సు వచ్చింది. ఎదురుగా వరిగడ్డి వేసుకున్న ట్రాక్టరు వస్తోంది. రోడ్డు వెడల్పు ఆ రెండింటికీ సరిపోతుంది, నాతో కలిపి మూడింటికి సరిపోదు. బస్సు డ్రైవరు నాలుగు సెకన్లు నా వెనక ఆగి ఉంటే ట్రాక్టరు దాటిపోయేది, తరువాత ఆయన హాయిగా వెళ్లిపోయేవాడు. ఆయన ఆగలేదు, గట్టిగా హారన్ కొట్టి మా ఇద్దరి మధ్య నుంచి దూరాడు. బస్సు అద్దం నా మోచేతికి తగిలింది. తగిలిన దెబ్బ పెద్దది కాదు. అసలు దెబ్బ ఆ తరువాత తగిలింది: ముందు చక్రం తారురోడ్డు అంచు దిగింది, అక్కడ తారుకూ మట్టి మార్జిన్‌కూ మధ్య జానెడు లోతు ఉంది, మళ్లీ పైకి ఎక్కించబోయి పడిపోయాను. భుజం దగ్గర ఎముక విరిగింది. బస్సు ఆగలేదు. వెనక వస్తున్న ఒక లారీ డ్రైవరు ఆగి, నన్ను పక్కన కూర్చోబెట్టుకుని ఆసుపత్రికి తీసుకువెళ్లాడు; నా సైకిలును లారీ మీదికి ఎక్కించింది చేపలమ్మే ఒక పెద్దాయన.

ఆ లారీ డ్రైవరు దారి పొడవునా భయపడుతూనే ఉన్నాడు. తనే గుద్దాడని ఎవరైనా అంటారేమో, పోలీసులు సాక్ష్యం కోసం తిప్పుతారేమో అన్నది ఆయన దిగులు. గాయపడినవారిని ఆసుపత్రికి చేర్చినవారిని వేధించకూడదని సుప్రీంకోర్టు 2016 మార్చిలోనే స్పష్టంగా చెప్పింది. 2019లో మోటారు వాహనాల చట్టాన్ని సవరించినప్పుడు 134ఎ అనే సెక్షన్ చేర్చి ఆ రక్షణను చట్టంలోకే తెచ్చారు. ఇష్టం లేకపోతే పేరు కూడా చెప్పనక్కరలేదు. ఈ ఒక్క సంగతి ప్రతి లారీ క్యాబిన్‌లోనూ, ప్రతి టీ దుకాణం గోడ మీదా రాసి ఉంటే ఎంత మేలు జరుగుతుందోనని అప్పటి నుంచి అనుకుంటూనే ఉన్నాను.

మంచం మీద ఉన్న ఆరు వారాలూ ఒకే ప్రశ్న వేధించింది. ఆ బస్సు డ్రైవరు దుర్మార్గుడని నేను అనుకోను. అదే చోట, అదే క్షణాన నా బదులు ఒక కారు ఉంటే ఆయన దాని వెనకే నడిచేవాడు. ఒక ఆవు ఉంటే తప్పకుండా ఆగేవాడు. మరి సైకిలు దగ్గరికి వచ్చేసరికి మాత్రం దూరిపోవచ్చు అని ఆయన చేతికీ కాలికీ ఎందుకు అనిపించింది?

సైకిలు సరిచేయించుకుని మళ్లీ రోడ్డెక్కిన తరువాత ఆ చేపల పెద్దాయనను ఇదే అడిగాను. నేను ఆయన్ను మావా అని పిలుస్తాను. ఆయన ఆలోచించవలసిన అవసరమే రాలేదు. “ఆవుకైతే కొమ్ములున్నాయి బాబూ, మనకేటున్నాయి?” అన్నాడు. ఆ మాటలో ఉన్నంత విషయం నేను ఆరు వారాల్లో ఆలోచించలేకపోయాను. ఆవు ఎటు తిరుగుతుందో తెలియదు, హారన్‌కు బెదరదు, తగిలితే బండి ముందుభాగం సొట్టపోతుంది. సైకిలువాడు హారన్ వినగానే తనంతట తాను పక్కకు తప్పుకుంటాడు, ఒకవేళ తగిలినా బండికి గీత పడదు. అంటే డ్రైవరు వదిలే చోటు ఎదుటి ప్రాణం విలువను బట్టి కాక తన బండికి కలిగే నష్టాన్ని బట్టి నిర్ణయమవుతోంది. ఇది ఎవరూ కూర్చుని చేసిన నిర్ణయం కాదు. అలవాటు చేసిన నిర్ణయం.

సైకిలును దాటడమంటే ఏమిటో ఇక్కడ కొంచెం వివరంగా చెప్పాలి. నాలుగు చక్రాల బండి తిన్నగా వెళుతుంది, సైకిలు వెళ్లదు. రెండు చక్రాల మీద నిలబడడానికి తొక్కేవాడు అనుక్షణం హ్యాండిల్‌ను అటూ ఇటూ కొద్దికొద్దిగా తిప్పుతూనే ఉండాలి. వేగం తగ్గినకొద్దీ ఈ ఊగు పెరుగుతుంది. ఎదురుగాలిలోనూ, మిట్ట ఎక్కేటప్పుడూ, వెనక బుట్టలో పదిహేను కిలోల చేపలు ఉన్నప్పుడూ ఇంకా పెరుగుతుంది. గుంతో, గాజుపెంకో, సముద్రం వైపు నుంచి కొట్టుకొచ్చిన ఇసుక మేటో కనిపిస్తే ఒక్కసారిగా మూరెడు కుడికి జరగక తప్పదు. దీనికి తోడు పెద్ద లారీ వేగంగా దాటినప్పుడు దాని ముందరి గాలి మొదట మనల్ని బయటికి నెడుతుంది, తరువాత దాని పక్కన ఏర్పడే లాగుడు లోపలికి గుంజుతుంది. ఈ రెండు తోపులకూ మధ్య సైకిలు నిలవాలంటే చోటు కావాలి. 2020లో జర్మనీ సైకిలును దాటేటప్పుడు ఊళ్లో ఒకటిన్నర మీటర్లు, ఊరి బయట 2 మీటర్లు వదలాలని నియమం చేసింది. స్పెయిన్‌లోనూ ఒకటిన్నర మీటర్లే. మన 2017 డ్రైవింగ్ నిబంధనలు ఇతరులకు ప్రమాదం లేకుండా దాటాలని చెబుతాయి. కొలత ఉన్నా లేకపోయినా సైకిలు ఊగే తీరు ఏ దేశంలోనైనా ఒకటే. మన ఇరుకు రోడ్ల మీద ఒకటిన్నర మీటర్లు ఎక్కడి నుంచి వస్తాయని అడిగేవారికి నా జవాబు ఒక్కటే: ఎదురుగా బండి లేనప్పుడు వస్తాయి. ఎదురుగా బండి ఉంటే వెనక ఆగాలి. కారును దాటేటప్పుడు అందరూ చేసేది ఇదే కదా.

ఆగితే ఆలస్యమవుతుందని అంటారు. ఎంత ఆలస్యమో నేను లెక్క వేసి చూశాను, లెక్కలు నా వృత్తి కాబట్టి. గంటకు 50 కిలోమీటర్ల వేగంతో వచ్చే కారు గంటకు 15 కిలోమీటర్లతో వెళ్లే నా వెనక ఎనిమిది సెకన్లు నడిచిందనుకుందాం. ఆ ఎనిమిది సెకన్లలో అది నాతో పాటు 33 మీటర్లు వెళుతుంది. ఆ 33 మీటర్లు తన వేగంతో వెళ్లి ఉంటే రెండున్నర సెకన్లు పట్టేవి. పోయింది అయిదున్నర సెకన్లు. వేగం తగ్గించి మళ్లీ పెంచుకోవడానికి ఇంకో రెండు మూడు సెకన్లు కలుపుకోవచ్చు. గోపాలపురం వెళ్లేదాకా ఇలాంటివి పది జరిగినా ఒకటిన్నర నిమిషం దాటదు. మా ఊళ్లో గిరి మార్కెట్ దగ్గర బండి పెట్టుకునే చోటు కోసం వెతుక్కునే సమయం అంతకన్నా ఎక్కువ.

ఇప్పటిదాకా సైకిలు మీది నుంచి మాట్లాడాను. మా తమ్ముడికి కారు ఉంది, పండుగలకు అమ్మను తీసుకుని ఇచ్ఛాపురంలోని అక్క ఇంటికి వెళ్లేటప్పుడు నేనే నడుపుతాను. స్టీరింగ్ వెనక కూర్చున్న పది నిమిషాలకే నాలో వచ్చే మార్పును నేను గమనించాను. కిటికీలు మూసి ఉంటాయి, బయటి చప్పుడు వినబడదు, రోడ్డు మీద ఉన్న ప్రతిదీ నా దారికి అనుకూలమో అడ్డమో అన్నట్టే కనిపించడం మొదలవుతుంది. ఒకసారి చీకటి పడ్డాక, దీపం లేని సైకిలు ఒకటి రోడ్డుకు ఎడమ అంచున నల్ల తారులో కలిసిపోయి ఉండగా, ఎదుటి బండి హెడ్‌లైట్ల వెలుగులో కళ్లు చెదిరి, దాని వెనక ఏడెనిమిది గజాల దాకా వెళ్లిన తరువాత మాత్రమే చూశాను. ఆ రాత్రి నిద్రపట్టలేదు. గంటకు 60 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు దాదాపు 17 మీటర్లు. చూసి, అర్థం చేసుకుని, బ్రేకు మీద కాలు వేసేలోగా ఒక సెకను పోతుంది. ఆ రోజు నేను నెమ్మదిగా ఉన్నాను కాబట్టి సరిపోయింది.

అందుకని నాతో పాటు సైకిలు తొక్కేవారికి చెప్పవలసినవి కూడా గట్టిగానే చెబుతాను. దీపం లేకుండా రాత్రి రోడ్డెక్కకూడదు. మా నాన్నగారి రోజుల్లో సైకిలుకు మునిసిపాలిటీ బిళ్ల ఉండేది, దీపం లేకుండా వెళితే పోలీసు ఆపేవాడు. డైనమో టైరుకు రాసుకునే ఆ గుర్రుమనే చప్పుడు మా ఇంటి ముందు వినబడితే నాన్న వచ్చారని అమ్మ వంటింట్లోంచే చెప్పేది. డైనమోకు ఒక లోపం ఉంది: ఆగితే దీపం ఆరిపోతుంది, అంటే మలుపు దగ్గర నిలబడినప్పుడు, సరిగ్గా కావలసిన సమయంలో వెలుగు ఉండదు. ఇప్పుడు బ్యాటరీతో వెలిగే ఎర్ర దీపాలు తక్కువ ధరకే దొరుకుతున్నాయి. పెడల్‌కు ఉండే పసుపు రిఫ్లెక్టర్లు పైకీ కిందికీ కదులుతాయి కాబట్టి వెనక వచ్చేవాడికి అది సైకిలని వెంటనే తెలుస్తుంది. అవి ఊడిపోతే మళ్లీ వేయించుకోవాలి. చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని తొక్కడం సైకిలువాడికి ఉన్న ఏకైక అద్దాన్ని పగలగొట్టుకోవడమే. కుడివైపు తిరిగే ముందు తల తిప్పి చూసి, చెయ్యి చాపాలి. తారు అంచును పట్టుకుని తొక్కకుండా దాదాపు చేతి పొడవు లోపలికి తొక్కాలి. ఇది పొగరు కాదు. అంచున తొక్కేవాడి పక్క నుంచి దూరవచ్చని వెనకవాడికి అనిపిస్తుంది. లోపలికి తొక్కేవాడికి గుంత వచ్చినప్పుడు ఎడమవైపు జరగడానికి చోటు ఉంటుంది. 2017లో నేను అంచున ఉన్నాను.

లారీ ఎడమవైపుకు మాత్రం ఎన్నడూ చేరవద్దు. డ్రైవరు కుడివైపు ఎత్తున కూర్చుంటాడు, ఎడమ తలుపు పక్కన ఉన్న సైకిలు ఆయనకు కనబడదు. లారీ ఎడమకు తిరిగినప్పుడు వెనక చక్రాలు ముందు చక్రాల దారిలో రావు, లోపలికి కోసుకుంటూ వస్తాయి. ఆ కోతలో ఇరుక్కున్నవాడికి తప్పించుకునే దారి లేదు.

సైకిలువాళ్లు ఎదురుదిశలో వస్తారని కార్లవాళ్లు చేసే ఫిర్యాదు నిజమే. అయితే దాని కారణం కూడా చూడాలి. నాలుగు మహానగరాలను కలిపే స్వర్ణ చతుర్భుజి పథకంలో భాగంగా చెన్నై–కోల్‌కతా రహదారి నాలుగు వరుసలైనప్పుడు మధ్యలో డివైడర్ వచ్చింది. అప్పటిదాకా ఎదురుగా ఉన్న పొలానికి రోడ్డు దాటి వెళ్లిన గొలంతరా వైపు రైతు, ఇప్పుడు డివైడర్‌లో సందు కోసం చాలా దూరం వెళ్లి, అంత దూరమూ వెనక్కి తిరిగి రావాలి. కారుకు ఆ దూరం రెండు నిమిషాలు. ఎండలో ఎరువుబస్తాతో తొక్కేవాడికి అది పావుగంట. సర్వీసు రోడ్డు ఉన్నచోట అది దుకాణాల ముందు నిలిపిన లారీలతోనూ, కోతల కాలంలో ఆరబోసిన ధాన్యంతోనూ నిండి ఉంటుంది. ఎదురుదిశలో రావడం ప్రాణం మీదికి తెచ్చుకోవడమేనని నేను ప్రతివారికీ చెబుతాను, నేనైతే రాను. రోడ్డు గీసేవారు మాత్రం కారు చక్రంతోనే దూరాలు కొలిచినంత కాలం ఆ రైతు అలాగే వస్తాడు.

సైకిలువాళ్లు పన్ను కట్టరు, నంబరు లేదు, లైసెన్సు లేదు, వాళ్లకు రోడ్డు మీద హక్కేమిటి అన్న మాట చదువుకున్నవారి నోటనే విన్నాను. సైకిలు మోటారు వాహనం కాదు కాబట్టి దానికి లైసెన్సు అక్కరలేదు, అంతే. రోడ్డు అరుగుదల ఇరుసు మీద పడే బరువుకు దాదాపు నాలుగో ఘాతంలో పెరుగుతుంది, అంటే ఇరుసు బరువు రెట్టింపైతే నష్టం రమారమి 16 రెట్లు. ఇరవై కిలోల సైకిలూ దాని మీద కూర్చున్న మనిషీ రోడ్డుకు చేసే నష్టం లెక్కకు అందదు. ఇంటి పన్ను, సబ్బు మీద పన్ను ఆ మనిషి కడుతూనే ఉన్నాడు.

ఈ మాట వెనక ఉన్నది పన్ను కాదని నాకు తెలుసు. ఒకప్పుడు మా వైపు పెళ్లికొడుకుకు సైకిలు పెడితే ఊరంతా చెప్పుకునేవారు. ఇప్పుడు సూరత్ మరమగ్గాల్లో నాలుగేళ్లు కష్టపడి వచ్చిన గంజాం కుర్రవాడు మొట్టమొదట కొనేది మోటారు సైకిలు. అందులో తప్పేమీ లేదు, అంత దూరం వెళ్లి సంపాదించుకున్నది అతని గౌరవం. బాధ ఏమిటంటే నిన్నటిదాకా సైకిలు తొక్కిన అతనే ఈరోజు సైకిలువాడిని “దేఖికి జా” అని గద్దించి, చూసుకుని వెళ్లమంటూ దూసుకుపోతాడు. పెళ్లిళ్లలో నన్ను కూడా బంధువులు “ఇంకా బండి తీసుకోలేదా?” అని జాలిగా అడుగుతారు. తీసుకోలేకపోవడం వేరు, అక్కరలేకపోవడం వేరు అని చెప్పినా వారికి నమ్మకం కలగదు.

2013 అక్టోబరు 12న ఫైలిన్ తుఫాను గోపాలపురం దగ్గర తీరం దాటినప్పుడు మాత్రం వారం రోజుల పాటు ఈ తేడాలు మాయమయ్యాయి. చెట్లు రోడ్డుకు అడ్డంగా పడి ఉన్నాయి, కరెంటు లేదు. పడిన చెట్టు మీదుగా భుజాన వేసుకుని దాటించగలిగిన వాహనం సైకిలు ఒక్కటే. కార్లున్న ఇళ్లవారు కూడా అటకల మీద నుంచి పాత సైకిళ్లు దింపి, నీళ్లకూ మందులకూ మాతో కలిసి వెళ్లారు. ఒకరికొకరు చెట్టు మీదుగా సైకిలు అందించుకున్నారు. అప్పుడు కూలిన చెట్లతో పాటు ఈ దారిలోని నీడ కూడా పోయింది. మే నెలలో తొక్కేవాడికి ఆ నష్టం ఇప్పటికీ తెలుస్తుంది.

ఊళ్లో, గేటు బజారు వంటి ఇరుకు చోట్ల, భయం వేగం వల్ల కాదు, తలుపు వల్ల. రోడ్డు పక్కన ఆపిన కారు తలుపు హఠాత్తుగా తెరుచుకుంటే సైకిలువాడు దానికి కొట్టుకుని వెనక వచ్చే బండి కింద పడతాడు. దీనికి ఖర్చులేని ఉపాయం ఉంది: డ్రైవరు తన పక్కనున్న తలుపును కుడిచేత్తో కాక ఎడమచేత్తో తీయాలి. అలా తీసేటప్పుడు ఒళ్లు తిరుగుతుంది, ఒంటితో పాటు చూపు కూడా వెనక్కి వెళుతుంది. మా తమ్ముడికి నేర్పాను. ఒక నెలకు అలవాటైంది. ఇప్పుడు వాడి ఎనిమిదేళ్ల కూతురు వెనక సీట్లోంచి దిగేటప్పుడు తనంతట తానే అలా చేస్తోంది.

మొన్న శ్రావణంలో చేపల మావ సైకిలు చూసి ఆగిపోయాను. క్యారియర్‌కు అడ్డంగా ఒక వెదురుకర్ర కట్టాడు, అది కుడివైపుకు మూరెడు బయటికి వచ్చి ఉంది, చివర ఎర్రగుడ్డ. ఎందుకని అడిగితే, కారుకు గీత పడుతుందని దూరంగా వెళుతున్నారని చెప్పాడు. ఆ రోజు పావుగంట ఆయన వెనకే తొక్కుతూ చూశాను. నిజంగానే కార్లూ ఆటోలూ ఆయన్ను దాటేటప్పుడు నిదానించి, రోడ్డు మధ్యదాకా తప్పుకుని వెళ్లాయి. ఎదురుగా బస్సు వచ్చినప్పుడు ఒక పెద్ద కారు ఆయన వెనక ఓపికగా నడిచింది. “మరి రాత్రిపూట ఆ గుడ్డ కనబడదు కదా మావా?” అని అడిగాను. ఆదివారం గిరి మార్కెట్ నుంచి వెలుగు పడితే మెరిసే ఎర్ర టేపు ఒక మూర కొని, ఆయన కర్ర చివరా, నా సైకిలు వెనక మడ్‌గార్డు మీదా అంటించాను.